బుడమేటి పొరుగున నెలన్నర: ముంపు నుంచి ఇంటికి తిరిగి చేరేదాకా నా అనుభవం

2024 ఆగస్టు 31, శనివారం. తెల్లవారినప్పటి నుంచి వాన కురుస్తూనే ఉన్నా మా ఇంట్లో ఎవరమూ భయపడలేదు. మొగల్రాజపురంలో కొండరాళ్ళు విరిగి ఇళ్ళ మీద పడ్డాయని, మనుషులు పోయారని తెలిసినప్పుడు మనసు కలుక్కుమంది. అయితే బెజవాడలో భయపడవలసింది కొండకూ కృష్ణకూ మాత్రమేనని ఇక్కడ పెరిగినవాళ్ళ నమ్మకం. సింగ్ నగర్‌లో పైపుల రోడ్డు నుంచి లోపలికి వెళ్ళే మా వీధి ఆ రెండింటికీ దూరం. 2007లో ఈ ఇల్లు చూపించిన మధ్యవర్తి మాకు గొప్పగా చెప్పిన మాట కూడా అదే. అంతకు రెండేళ్ళ ముందు, 2005 సెప్టెంబరులో, ఇక్కడికి నీళ్ళు వచ్చాయని ఆయన చెప్పలేదు. మేము అడగాలని మాకు తెలియలేదు.

ఆదివారం తెల్లవారుజామున అయిదున్నరకు లేచి చూసేసరికి స్నానాలగదిలో నీళ్ళున్నాయి. వీధి ఇంకా పొడిగానే ఉంది. ముంపు గుమ్మంలోంచి వస్తుందని మనం అనుకుంటాము కానీ, మా ఇంట్లోకి అది మొదట తూములోంచి వచ్చింది. బుడబుడమంటూ నల్లటి నీరు పైకి తన్నుకు వస్తుంటే పైపు ఎక్కడో పూడిందనుకుని నేను గుడ్డలు కుక్కుతూ కూర్చున్నాను. ఆ అరగంట నాకిప్పటికీ బాధ కలిగిస్తుంది, ఎందుకంటే సామాను పైకి చేర్చుకోవడానికి మాకున్న సమయమంతా అదే. ఆరుంబావుకు వీధిలో చీలమండల లోతు, ఏడుకు మోకాలు, తొమ్మిది కాకముందే నడుము దాటింది. ప్రవాహంలో ఉరవడి లేదు. గిన్నెలో పోసినట్టు నిశ్శబ్దంగా పెరుగుతూ వచ్చింది.

మావారు ముందుగా మెయిన్ ఆపివేశారు. అది మాకు తట్టిన ఒకే ఒక మంచి ఆలోచన. నేలమీది వస్తువులను మంచం మీదికి, మంచం మీదివి బల్ల మీదికి, బల్ల మీదివి బీరువా మీదికి ఎక్కిస్తూ పోయాము. చివరకు బీరువాయే ఒరిగిపోయింది. నిండు గ్యాస్ సిలిండరు వంటగదిలో తేలి గోడకు కొట్టుకుంటుంటే ఆ చప్పుడుకు మా అత్తయ్య వణికిపోయారు. ఆ కంగారులో నేను చేత పట్టుకుని మేడెక్కినవి ఇస్త్రీపెట్టె, కందిపప్పు డబ్బా, బడిలో దిద్దవలసిన పదో తరగతి పిల్లల తెలుగు జవాబు పత్రాల కట్ట. ఇంటి దస్తావేజు, పిల్లల సర్టిఫికెట్లు, మా పెళ్ళి ఫోటోల ఆల్బమ్ బీరువా అడుగు అరలో ఉండిపోయాయి. పల్లపు ప్రాంతంలో ఉండేవారెవరైనా దీన్ని చదువుతుంటే, ఈ పూటే ఆ సంచీని తలకంటే ఎత్తున్న చోటికి మార్చమని చేతులు జోడించి చెబుతున్నాను.

పైవాటాలో అద్దెకున్నవారివి రెండే గదులు. వాళ్ళు, మేము, ఎదురింటివారు, వెనక పెంకుటింటివారు కలిసి ఆ రాత్రికి పధ్నాలుగు మందిమయ్యాము. కరెంటు లేదు. మరునాటికి ఫోన్లూ మూగపోయాయి. ఆకలిని ఓర్చుకోవచ్చు. కింది అంతస్తు మునిగాక పై మరుగుదొడ్డిలో పోసిన నీళ్ళు కూడా దిగవు, ఓర్వలేనిది అదే. ఆడవాళ్ళమంతా ఎవరూ ఎవరికీ చెప్పకుండానే మంచినీళ్ళు తాగడం తగ్గించేశాము. సోమవారం మధ్యాహ్నానికి పైవాటా అమ్మాయి కళ్ళు తిరిగి పడిపోయేదాకా ఆ మాట బయటికి రాలేదు. అది బయటపడ్డాక డాబా మీద ఓ మూల చీరలు కట్టి మరుగు ఏర్పాటు చేసుకున్నాము. మొదటిరోజే చేసుకోవలసిన పని అది.

ఆ సోమవారం హెలికాప్టర్లు ఆహారపు పొట్లాలు జారవిడిచాయి, డ్రోన్లు మంచినీటి సీసాలు తెచ్చాయి. మా డాబా మీద కొబ్బరిచెట్లు కమ్ముకుని ఉండడంతో మాకు అందినవి తక్కువ. రెండిళ్ళ అవతలి డాబా నుంచి కుర్రాళ్ళు తాడుకు బకెట్టు కట్టి పంచి ఇచ్చారు. పడవలు పెద్ద రోడ్ల మీద తిరుగుతున్నాయని కేకల వల్ల తెలిసింది కానీ, సందుల్లోకి రావడానికి వాటికి కరెంటు తీగలు అడ్డు. సొంత పడవతో వచ్చిన ఒకతను మనిషికి పదిహేను వందలు అడిగాడు. ఆ సాయంత్రమే మా వీధి చివరి కార్ఖానాలో పనిచేసే కుర్రాళ్ళు ప్లాస్టిక్ పీపాలకు తలుపుచెక్క కట్టి, పైసా ముట్టకుండా, పక్కింటి బాలింతను రోడ్డు దాకా చేర్చారు. పదిహేడేళ్ళుగా రోజూ వాళ్ళ ముందునుంచే బడికి వెళ్ళాను. వాళ్ళలో ఒక్కరి పేరు కూడా నాకు తెలియదని ఆ రాత్రి డాబా మీద పడుకున్నప్పుడు తట్టి సిగ్గుపడ్డాను.

మంగళవారం, సెప్టెంబరు 3న, మా వంతు వచ్చింది. డెబ్భైఎనిమిదేళ్ళ మా అత్తయ్యను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, రెండు చీరలతో కట్టి, మెట్ల మలుపు నుంచి పడవలోకి దించారు. పడవ మా గేటు మీదుగా వెళ్ళింది. నేను నాటిన సన్నజాజి పందిరి కొన చేతికి తగిలింది. కార్ల కప్పులు నీటి కింద లీలగా కనిపిస్తున్నాయి. అప్పుడు అత్తయ్య, "ఇన్ని నీళ్ళు ఎక్కడివి అమ్మాయ్? కృష్ణ కట్ట తెగిందా?" అని అడిగారు.

"కృష్ణ కాదు అత్తయ్యా, బుడమేరు."

ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "బుడమేరంటే... మా ఊరి మీదికి వచ్చే బుడమేరేనా?" అన్నారు.

మా అత్తయ్య పుట్టినిల్లు కొల్లేటి పక్కన. బుడమేటి నీళ్ళు చేరే సరస్సు అదే. చిన్నప్పుడు "బుడమేటి నీళ్ళొచ్చాయి" అని ఊళ్ళో కేక వినిపిస్తే చేపల కోసం మావులు పట్టుకుని పరుగెత్తేవాళ్ళమని ఆమె మా పిల్లలకు ఎన్నోసార్లు చెప్పారు. ఆ ఏరూ, మా ఇంటికి కాస్త దూరంలో ముక్కు మూసుకుని దాటే కాలువా ఒకటేనని మేమెవరమూ ఆమెకు ఇన్నేళ్ళలో చెప్పలేదు. నిజానికి మా నోట అది ఏనాడూ బుడమేరు కాలేదు, మురుగు కాలువే. అటువైపు చెత్త పారబోసి వచ్చేవాళ్ళలో మేమూ ఉన్నాము. పడవలో ఆమె కుడిచేతిని నీళ్ళలో ముంచి, వెంటనే తీసి, వేళ్ళకంటిన నల్లటి జిడ్డును చూసుకుంటూ ఉండిపోయారు. ఈ నెలన్నరలో నన్ను అన్నిటికంటే కదిలించినది ఆ చూపు.

సింగ్ నగర్ ఫ్లైఓవర్ దగ్గర పడవ దిగాము. అక్కడ అన్నం పొట్లాలు పంచేవాళ్ళు, వైద్యులు, లోపల చిక్కుకున్న తమవాళ్ళ కోసం ఫోటోలు పట్టుకుని ఎదురుచూసేవాళ్ళు వేలల్లో ఉన్నారు. వంతెన దాటి రైలు పట్టాలకు అవతల దిగగానే మాత్రం మామూలు ఊరు! ఇడ్లీ బండి దగ్గర జనం, బట్టల కొట్ల దీపాలు, బడి బస్సులు. మూడు రోజులు నీళ్ళ మధ్య ఉండి వచ్చిన కళ్ళకు ఆ పొడి నేల చూస్తే సంతోషం కలగాలి కదా, నాకు ఏడుపు వచ్చింది. ఊరు ఒక్కటే అనుకున్నాను, పట్టాలకు ఇవతల ఒకటీ అవతల ఒకటీ ఉన్నాయని ఆ రోజు తెలిసింది. బస్టాండుకు తీసుకువెళ్ళిన ఆటో అబ్బాయి మా బురద కాళ్ళు చూసి డబ్బులు వద్దన్నాడు.

గుంటూరు బ్రాడీపేటలో మా తమ్ముడింట్లో అయిదు రోజులున్నాము. మరదలు మమ్మల్ని కడుపులో పెట్టుకుని చూసుకుంది. తమ్ముడు మాత్రం రెండోరోజు రాత్రి భోజనాల దగ్గర, "అసలు సింగ్ నగర్‌లో ఎవరైనా కొంటారా అక్కా?" అన్నాడు. వాడు ప్రేమతో అన్నదే అది. ఆ తరువాత నెలరోజుల్లో బంధువులూ తోటి ఉపాధ్యాయులూ కనీసం పదిమంది ఇదే మాట అన్నారు. మేము కొన్న రోజుల్లో ఇద్దరు పిల్లల్ని చదివిస్తూ మా జీతాలతో బెంజి సర్కిల్ వైపు కొనగలిగింది లేదు. తాపీ మేస్త్రీలు, ముఠా కూలీలు, ఆటో తోలేవారు, చిన్న ఉద్యోగులు తమకు అందిన చోట గదికి గది చేర్చుకుంటూ కట్టుకున్న పేటలివి. ఇళ్ళకు ప్లాన్లు ఇచ్చారు, పన్నులు కట్టించుకున్నారు, కుళాయిలు వేశారు. నాకు ఈ చోటు మీద కోపం లేదు. ఈ చోటు ఎలాంటిదో తెలిసీ మాకు చెప్పనివాళ్ళ మీద ఉంది. 2005లో నీరు ఎక్కడిదాకా వచ్చిందో ప్రతి వీధిలో ఓ స్తంభం మీద గీత గీసి ఉంచితే, మేము కనీసం పునాదిని నాలుగడుగులు ఎత్తు లేపుకునేవాళ్ళము.

7వ తేదీ వినాయక చవితి. సైన్యం కూడా చేయి వేశాక బుడమేరు మళ్ళింపు కాలువకు పడ్డ మూడు గండ్లలో చివరిది ఆ రోజే పూడిందని టీవీలో చెప్పారు. మరునాడు, ఆదివారం, మావారూ నేనూ ఇంటిని చూడడానికి వచ్చాము. వీధిలో ఇంకా మోకాలి లోతు నీరుంది. తలుపు ఉబ్బిపోయి గడియ తీసినా కదలలేదు. కార్ఖానా కుర్రాళ్ళే వచ్చి గునపంతో తెరిచారు.

వాసన ముందు వచ్చింది. డబ్బాలో పులిసిన బియ్యం, మురుగు, తడిసిన దూది, ఏదో చచ్చినది, అన్నీ కలిసిన వాసన. ఫ్రిజ్ తేలి వెళ్ళి మంచానికి అడ్డంగా వెల్లకిలా పడి ఉంది. గోడల మీద మూడు గీతలు, నీరు మూడు విడతలుగా తీసిందన్నమాట. అన్నిటికంటే పైగీతను కొలిస్తే నేల నుంచి అయిదడుగుల రెండంగుళాలు. పుస్తకాల అరలో పుస్తకాలన్నీ ఉబ్బి ఒకదాన్నొకటి ఎంత బిగించుకున్నాయంటే ఒక్కదాన్నీ లాగలేకపోయాము. చెక్క పగలగొట్టాక ఇటుకల వరసలా మొత్తం ఒకే ముద్దగా వచ్చాయి. ముప్పై ఏళ్ళుగా నేను వాడిన నిఘంటువు అందులోనే ఉంది.

దస్తావేజు ప్లాస్టిక్ కవరులో ఉన్నా నీరు చేరింది. దాన్ని ఎండలో పెట్టబోతుంటే, కాగితాలు పెళుసెక్కి విరిగిపోతాయని మావారు ఆపారు. వార్తాపత్రికలు పరిచి, తడి పుటను కాఫీ చెంచా కాడతో కొన నుంచి మెల్లగా లేపుతూ, మధ్యలో పొడి కాగితం పెట్టుకుంటూ, పదకొండు పుటలు విడదీయడానికి ఒక పూట పట్టింది. కరెంటు లేదు కనుక విసనకర్రతో విసురుతూ ఆరబెట్టాము. సిరా సంతకాలు అలుక్కుపోయాయి. అచ్చు అక్షరాలూ ముద్రలూ నిలిచాయి. అది నిలవకపోయినా రిజిస్ట్రేషను కార్యాలయంలో ధ్రువీకరించిన నకలు ఇస్తారని తరువాత తెలిసింది, తీసుకున్నాము కూడా. పెళ్ళి ఆల్బమ్‌కు అలాంటి నకలు ఎక్కడా లేదు. ఒక్క ఫోటోలో మాత్రం మా నాన్నగారి ముఖం సగం మిగిలింది.

10 నుంచి 14 వరకు శుభ్రం చేయడమే పని. నేల మీద నాలుగంగుళాల మేట. అది ఎండితే రాయి అవుతుంది, తడిగా ఉండగానే తీయాలి. ఇద్దరు కూలీలకు రోజుకు మనిషికి 1,200 చొప్పున రెండు రోజులు ఇచ్చాము. అంతకంటే ఎక్కువ అడిగినవాళ్ళూ ఉన్నారు. 12న అగ్నిమాపక శకటం మా వీధికి వచ్చి గొట్టంతో గోడలు కడిగినప్పుడు వీధివీధంతా బయటికి వచ్చి చూసింది. ఆ సిబ్బంది ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో వచ్చి, ఇళ్ళు తమవే అన్నట్టు మూలమూలలా కడిగారు, వాళ్ళకు నా నమస్కారం. కరెంటు బోర్డులు మార్చడానికి 3,500, మోటారు చుట్టించడానికి 4,000, సంపు తోడించి కడిగించడానికి 2,000, మోటారుసైకిలుకు 5,200. దాన్ని చూసిన మెకానిక్ మొదట అడిగిన ప్రశ్న, "స్టార్ట్ చేసి చూశారా?" అని. చేసి ఉంటే ఇంజను పోయేదట. ఫ్రిజ్, వాషింగ్ మిషను, పరుపులు, బీరువా, పుస్తకాలు కలుపుకుంటే లక్షా ముప్పై వేలు దాటింది. సర్కారు ఇచ్చిన పాతిక కిలోల బియ్యం, పప్పు, నూనె, ఉల్లిపాయలు ఆ వారం నిజంగా ఆదుకున్నాయి. బురద తీసిన నాలుగో రోజున ఇంటిల్లిపాదికీ జ్వరాలు వచ్చాయి. చేతులకు తొడుగులు, కాళ్ళకు బూట్లు లేకుండా దయచేసి ఎవరూ ఆ పనికి దిగవద్దు.

ఇక పరిహారం సంగతి. నష్టం రాసుకునేవారు 9 నుంచి తిరగడం మొదలుపెట్టారు. మా వీధికి వచ్చిన పూట మేము మందుల కోసం అవతలికి వెళ్ళి ఉన్నాము. 'తాళం వేసి ఉంది' అని రాసుకుని వెళ్ళారు. 17న ప్రభుత్వం కింది అంతస్తు మునిగిన ఇంటికి 25,000, పై అంతస్తులవారికి 10,000 ప్రకటించింది. 21న జాబితా చూస్తే పైవాటావారి పేరు ఉంది, మాది లేదు. అయిదడుగుల నీట మునిగిన ఇల్లు ఆ కాగితం మీద మునగనే లేదు! డబ్బు కంటే అదే ఎక్కువ గుచ్చుకుంది. శుభ్రం చేయకముందు మావారు ఫోన్‌లో తీసిన ఫోటోలు అప్పుడు అక్కరకు వచ్చాయి. మళ్ళీ అర్జీ పెట్టి, 25న అందరి ఖాతాల్లో డబ్బు పడుతుంటే చూస్తూ, 28న రెండోసారి వచ్చినవారికి గోడ మీది గీత చూపించాము. ఆ తరువాత ఇచ్చిన ఖాతాకు ఆధార్ అనుసంధానం కాలేదని తేలింది. బ్యాంకులో రెండు పూటలు నిలబడ్డాక, విజయదశమికి ముందురోజు, అక్టోబరు 11న సొమ్ము జమ అయింది. ఏ ఖాతాకు ఆధార్ కలిపి ఉందో ముందే కనుక్కోండి.

అక్టోబరు 2న బడికి సెలవు. బాగుచేయించిన బండి మీద మా పెద్దవాడితో కలిసి వెలగలేరు వెళ్ళాను. మా ఇంట్లోకి వచ్చినది ఎక్కడి నుంచి వచ్చిందో కళ్ళారా చూడాలని నాకు పట్టుదల కలిగింది. మైలవరం వైపు కొండల్లో పడిన వాన బుడమేరుగా దిగివస్తే, వెలగలేరు రెగ్యులేటరు దగ్గర దాన్ని ఆపి మళ్ళింపు కాలువ ద్వారా ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలోకి పంపిస్తారు. ఈసారి ఏటి నీరు ఆ కాలువకు మించి వచ్చింది. అదే సమయానికి ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పోటెత్తింది. నది నిండుగా ఉంటే కాలువ నీటిని లోపలికి రానివ్వదు, పైగా ఎగదన్నుతుంది. గట్లు తెగాయి, గేట్లు లేచాయి, నీరు తన పాత దారిన మా పేటల మీదుగా నడిచింది. గండి పూడ్చిన చోట కొత్త రాయి, కొత్త మట్టి ఇంకా తెలిసిపోతున్నాయి. తిరుగు దారిలో ఎనికేపాడు దగ్గర ఆగి, ఏలూరు కాలువ అడుగున సొరంగంలోంచి బుడమేరు అవతలికి దాటే చోటును చూశాము. నేను పాఠాల్లో నదుల గురించి ఎన్ని చెప్పానో లెక్కలేదు. మా ఇంటి పక్క ఏరు ఎటునుంచి ఎటు పోతుందో యాభై రెండేళ్ళ వయసులో నేర్చుకున్నాను. రాత్రి అత్తయ్యకు ఫోన్‌లో తీసిన బొమ్మలు చూపిస్తే, ఎనికేపాడు బొమ్మ దగ్గర ఆగి, "ఇక్కణ్ణించి మావైపే వస్తుంది" అన్నారు.

పైవాటావారు దసరా వెళ్ళగానే ఖాళీ చేశారు, వాళ్ళను తప్పుపట్టను. మధ్యవర్తి ఒకరు ఫోన్ చేసి, నిరుటి ధరలో మూడో వంతు తగ్గిస్తే కొనేవారున్నారన్నాడు. మేము అమ్మడం లేదు. అప్పు ఇంకా ఉందన్నది ఒక కారణం, కానీ అదొక్కటే కాదు. పీపాల తెప్ప కట్టిన ఆ నలుగురి పేర్లూ ఇప్పుడు నాకు తెలుసు, వాళ్ళలో ఇద్దరు సాయంత్రాలు మా వరండాలో కూర్చుని ఓపెన్ పది పరీక్షకు తెలుగు చదువుకుంటున్నారు. చెత్తబండి వచ్చేదాకా చెత్తను ఇంట్లోనే ఉంచుకోవాలని మా వీధిలో పద్దెనిమిది ఇళ్ళవాళ్ళం మాట అనుకున్నాము. ఇప్పటికైతే నిలుస్తోంది.

అక్టోబరు 15 రాత్రి వాయుగుండమని చెప్పారు, వాన మొదలైంది. ఇంతకుముందు వాన పడితే మా డాబా మీది ఆకాశం చూసేదాన్ని. ఆ రాత్రి పదింటికి మైలవరంలో పనిచేసే నా తోటి ఉపాధ్యాయినికి, "అక్కడ వాన ఎలా ఉంది?" అని సందేశం పెట్టాను. జవాబు వచ్చేదాకా బియ్యం డబ్బా పక్కనే నిలబడి ఉన్నాను, అటక మీదికి ఎక్కించాలా వద్దా అని. "తుంపరే టీచర్, పడుకోండి" అని వచ్చింది. అత్తయ్యకు ఆ మాట చెప్పి, దీపం ఆర్పాను.